మిసెస్ ఫెన్‌విక్ ఈదిన మధ్యాహ్నం

కృష్ణమోహన్ న్యూజెర్సీ సముద్రతీరంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తున్న రోజుల్లో, అతని భార్య సుమతి పగటిపూట ఒక ఇంగ్లీషు ముసలావిడకి తోడుగా ఉండేది. ఆవిడ పేరు మిసెస్ ఫెన్‌విక్. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లీష్ ఛానల్ ఈదిన మనిషి. తను పుట్టిన మార్‌స్టన్ బే అనే ఇంగ్లండు రేవు ఊళ్లో ఇప్పటికీ తన పేరు తెలియనివాళ్లు ఉండరని చెప్పేది. చెప్పిన సంగతి మరిచిపోయి కాసేపటికి మళ్లీ చెప్పేది. కూతురు హెలెన్ బ్యాంకు పని ముగించుకుని వచ్చేదాకా ఆవిడకి తిండి పెట్టడం, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా జవాబివ్వడం సుమతి పని.

1980 సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం మార్‌స్టన్ బే నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఊరికి పేరు తెచ్చినవాళ్ల ఫొటోలతో టౌన్‌హాల్లో ఒక గది తయారుచేస్తున్నారట. ధ్రువాల దాకా వెళ్లొచ్చిన ఒక నావికుడు, ఒక చిత్రకారుడు, తుఫానుల్లో పడవ వేసుకెళ్లి ఎందరినో కాపాడిన ఒక జాలరి, వాళ్ల పక్కన మిసెస్ ఫెన్‌విక్. సుమతి రిసీవర్ ఆవిడ చెవి దగ్గర పెట్టింది. వింటున్నకొద్దీ ఆవిడ వంగిన నడుము నిటారైంది.

"అవును, ఇవాళే. పోటు తిరగ్గానే బయల్దేరతాను," అంది.

ముసలితనపు మాటలే అనుకుంది సుమతి. ఫోన్ తీసుకుని, అవతలాయనకి హెలెన్ ఆఫీసు నంబర్ చెప్పి, సూప్ వేడి చేద్దామని వంటింట్లోకి వెళ్లింది. గిన్నెతో తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

సముద్రం రెండు వీధుల అవతలే. సుమతి చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని పరుగెత్తింది. వేసవి అయిపోయింది కాబట్టి ఒడ్డున పురుగు కూడా లేదు. లైఫ్‌గార్డులు కూర్చునే ఎత్తు కుర్చీని ఇసకలో పడుకోబెట్టి పోయారు. దాని పక్కన మిసెస్ ఫెన్‌విక్ స్వెట్టరు, గౌను చక్కగా మడతపెట్టి ఉన్నాయి. వాటి మీద కళ్లజోడు.

సుమతి నీళ్ల అంచుదాకా పరుగెత్తింది. హెలెన్‌కి ఏం చెప్పాలి? పోలీసులొచ్చి, నువ్వుండగా ఎలా జరిగిందని అడిగితే? అంతలో అలల అవతల తెల్లటి తల ఒకటి లేచి, మునిగి, మళ్లీ లేచింది.

"మిసెస్ ఫెన్‌విక్! కమ్ బ్యాక్! ప్లీజ్!"

ఆ తల ఇటు తిరగలేదు.

సుమతికి ఈత రాదు. నూజివీడులో పుట్టిన పిల్ల, సముద్రాన్ని మంగినపూడిలో ఒక్కసారి చూసింది, అప్పుడూ పాదాలు తడిస్తేనే కెవ్వుమంది. అయినా ఎవరినైనా పిలుచుకొద్దామని వెనక్కి పోతే ఈలోగా ఆ తల కనబడకుండా పోతుందేమోనన్న భయం ఆమెని ముందుకే తోసింది. మోకాళ్ల లోతు. నడుం లోతు. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంది. కాలికింద ఇసక ఎవరో లాగేసినట్టు జారిపోయింది.

తర్వాత ఒడ్డు ఎటో తెలియలేదు. ఉప్పునీళ్లు ముక్కులోకి, గొంతులోకి పోయాయి. పైకి రావడం, ఒక్క గుక్క గాలి పీల్చడం, మళ్లీ కిందికి పోవడం. "అమ్మా" అన్న కేక కూడా నీళ్లే మింగేశాయి. ఇంతే, అయిపోయింది అనుకుంది.

అప్పుడు ఎముకలు తేలిన గట్టి చెయ్యి ఒకటి గడ్డం కింద నుంచి ఆమెని పట్టుకుంది.

"నన్ను పట్టుకోకు. వెల్లకిలా పడుకో. ఆకాశం చూడు," అంది చెవి దగ్గర ఒక గొంతు. రోజూ చెంచా ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే గొంతు కాదది. బెదురులేని గొంతు.

సుమతి ఆకాశం చూసింది. ఆవిడ తిన్నగా ఒడ్డువైపు కాక పక్కకి ఈదింది. లాగుతున్న నీళ్లు వదిలాక అప్పుడు ఒడ్డుకి తిరిగింది.

ఇసక మీద పడి సుమతి నీళ్లన్నీ కక్కుకుంది. పక్కనే లోపలి బట్టలతో మిసెస్ ఫెన్‌విక్ గడగడ వణుకుతూ కూర్చుంది. ఆ గట్టి గొంతు అప్పుడే పోయింది.

"ఎవరమ్మా నువ్వు? మీ అమ్మ ఏది?" అని అడిగింది.

సుమతికి అప్పుడొచ్చింది ఏడుపు. ఆవిడకి గౌను తొడిగి, గట్టిగా పట్టుకుని ఇంటికి నడిపించింది. వేడి నీళ్లు పోసి, దుప్పట్లు కప్పింది. హెలెన్ వచ్చేసరికి ముసలావిడ జుట్టారి, నిద్రపోతోంది. ఏమీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ రేపు మళ్లీ ఆ తలుపు తెరుచుకుంటే?

సుమతి అంతా చెప్పేసింది. హెలెన్ మెట్ల మీద కూలబడి అంది: "వేసవిలో కూడా ఇలాగే వెళ్లింది. రెండుసార్లు. లైఫ్‌గార్డులు తీసుకొచ్చారు."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే నువ్వు వచ్చేదానివి కాదు."

సుమతి ఆమె ముఖంలోకి చూసింది. కోపం వచ్చింది, కానీ ఆ ముఖంలో తన భయమే కనబడింది. హ్యాండ్‌బ్యాగు తీసుకుని వచ్చేసింది.

"ఇంక వెళ్లకు," అన్నాడు కృష్ణమోహన్. "ఏమన్నా అయితే రెస్పాన్సిబిలిటీ ఎవరిది? మనకెందుకీ రిస్క్?"

"నేను మునిగిపోతుంటే ఆవిడ ఆ మాట అనుకోలేదు కదండీ."

"ఆవిడేమన్నా తెలిసి చేసిందా?"

సుమతి వారం రోజులు ఇంట్లోనే ఉంది. నెత్తిన నీళ్లు పోసుకుంటే ఊపిరాడనట్టయి బాత్‌రూమ్ తలుపు తీసుకుని బయటికొచ్చేసేది. ఆ పై సోమవారం మాత్రం చెప్పులేసుకుని బయల్దేరింది. అప్పటికి హెలెన్ వీధి తలుపుకి పైన కొత్త గొళ్లెం, గంట పెట్టించింది.

"ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది మిసెస్ ఫెన్‌విక్, కుర్చీలోంచి మర్యాదగా చెయ్యి చాపుతూ.

సుమతి తన పేరు చెప్పి, తలుపుకీ ఆవిడకీ మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. గాలికి గంట కదిలినప్పుడల్లా తల తిప్పి తలుపు చూసుకుంటూనే ఉంది. చాపిన ఆ చేతిని మాత్రం హెలెన్ వచ్చేదాకా వదల్లేదు.