అత్తవారిది ఏ ఊరు

రాజ్ కుమార్ కొత్త ఇంటికి ఏసీలు పెట్టించలేదు. ఏసీలు అందరికీ ఉంటాయి, ఇతగాడికి అందరికీ లేనిది కావాలి. బెంగళూరులో ఎవరో స్నేహితుడి ఇంట్లో చూసొచ్చి, చల్లగాలీ వేడిగాలీ రెండూ ఇచ్చే హీట్ పంప్ తెప్పించాడు. డాబా మీద బీరువా అంత పెట్టె వచ్చి కూర్చుంది. పైకప్పు లోపలంతా గొట్టాలు పరిచారు. రాజమండ్రి ఎండల్లో వేడిగాలి ఎవడిక్కావాలయ్యా అని అడిగినవాడు లేడు. మందుల ఏజెన్సీ పెట్టి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాణ్ణి అంత మాట అడిగే ధైర్యం చుట్టాల్లో ఎవరికుంటుంది?

ఇక మిగిలింది హాలు గోడకి థర్మోస్టాట్ బిగించి తీగలు కలపడం. ఇంట్లో ఎంత చల్లదనం ఉండాలో పైనున్న యంత్రానికి చెప్పేది అదే. రేపు సాయంత్రం గృహప్రవేశ ప్రార్థన. పాస్టరు గారూ సంఘమంతా వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉండి తీరాలని రాజ్ కుమార్ పట్టుదల. పొద్దుట్నుంచీ కంపెనీవాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగితే అతని తల్లి దేవకుమారి వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నిలబడ్డ మనిషిని చూడగానే ఆవిడ గుర్తుపట్టింది.

"వందనాలండి, అత్తయ్య గారూ," అన్నాడతను మెల్లగా.

అతను దుర్గాసాయి, ఆవిడ కూతురు సారిక భర్త. సారిక అతన్ని రెండేళ్ళ కిందట రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. హిందువుల కుర్రాడు. బాప్తిస్మం తీసుకోనన్నాడు. పైగా ఏసీలు బాగుచేసుకునేవాడు. "దానికి ఈ ఇంట్లో ఎవరూ లేరు," అన్నాడు రాజ్ కుమార్, అంతే, అదే శాసనమైంది. చెల్లెలి మొగుడి మొహం ఎలా ఉంటుందో చూడ్డానికి కూడా ఒప్పుకోలేదు. సారిక తన ఫోనులో ఫొటో చూపించబోతే తోసి పారేశాడు. దేవకుమారికి మాత్రం సారిక ఆ ఫొటో పంపింది. కొడుకు షాపుకి వెళ్ళాక వంటింట్లో నిలబడి ఆ ఫొటో చూసుకోని రోజు లేదు. చూసి ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. వయసంతా ఆదివారం బడిలో పిల్లలకి ధైర్యంగా ఉండమని పాఠాలు చెప్పిన మనిషి, కన్నకొడుకు ముందు కన్నకూతురి పేరెత్తడానికి వణికిపోయింది.

ఆ వందనాలు అనే మాట అతనికి సారికే నేర్పి ఉంటుంది. వందనాలు బాబూ అని బదులు చెప్పాలి, సంఘంలో అది పద్ధతి. ఆవిడ వెనక్కి తిరిగి మేడమెట్ల వైపు చూసింది. పైన రాజ్ కుమార్ ఫోనులో ఎవరి మీదో కేకలేస్తున్నాడు.

"లోపలికి రా బాబూ," అని మాత్రం అంది.

"వేరేవాళ్ళని పంపుతామన్నారండి. అడ్రసు చూసి నేనే వెళ్తానని అడిగి తీసుకున్నానండి," అన్నాడు దుర్గాసాయి, చెప్పులు బయట విడుస్తూ. తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు. "సారిక కూడా వచ్చిందండి. వీధి చివర జ్యూస్ కొట్టులో కూర్చుంది, పాపతో. మీరు ఊఁ అనండి, ఒక్క ఫోన్ చేస్తాను, వచ్చేస్తుందండి."

పాప. పుట్టిందని తెలుసు గానీ ఆవిడ కంటితో చూడలేదు. అంత ఎండలో పసిదాన్ని వేసుకుని పిచ్చిపిల్ల ఎలా వచ్చిందో! ఒళ్ళోకి తీసుకున్నట్టే ఆవిడ చేతులు ఒక్కసారి కదిలాయి.

"కాస్త ఆగు బాబూ. సమయం చూసి వాడికి నేను చెప్తాను. ముందు పని కానీ. ఇల్లు చల్లబడితే వాడూ చల్లబడతాడు."

"మీరు ఎలాగంటే అలాగేనండి," అన్నాడతను. నిజంగానే నమ్మాడు. అందుకే ఆవిడకి మరీ భయమేసింది.

దుర్గాసాయి మెయిన్ ఆపి, గోడలోంచి బయటికొచ్చిన తీగల కట్ట విప్పాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ. ఒక్కోదాని కొస ఒలిచి, థర్మోస్టాట్ మీదున్న అక్షరాలు చూసుకుంటూ దాని చోట దాన్ని దూర్చి స్క్రూ బిగిస్తున్నాడు. రాజ్ కుమార్ దిగొచ్చి వెనకాల నిలబడ్డాడు. అతనెవరో రాజ్ కుమార్‌కి తెలియదు.

"ఆ నారింజ తీగ దేనికండి?"

"వేడిగాలికండి. ఇది కలపకపోతే ఒట్టి చల్లగాలే వస్తుందండి."

"మరైతే వదిలెయ్యండి, మన ఊళ్ళో దాన్ని వాడే మొహం ఎవడిది?" అని నవ్వాడు. గొప్పకి కొన్నవాడి మాటలు ఇలాగే ఉంటాయి.

"డిసెంబర్లో పెద్దవాళ్ళకి మోకాళ్ళు పట్టేస్తాయి కదండి. కలిపేస్తాను, ఉంటుంది," అన్నాడు దుర్గాసాయి తలెత్తకుండా.

దేవకుమారి మోకాళ్ళ సంగతి అతనికి ఎవరు చెప్పారో వేరే అడగక్కర్లేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మెయిన్ వేశాక గోడ మీద అంకెలు వెలిగాయి. కాసేపటికి పైకప్పు లోంచి సన్నగా చల్లగాలి దిగింది. రాజ్ కుమార్ మొహం విచ్చుకుంది.

"చెయ్యి తిరిగిన మనిషివయ్యా! పేరేంటి?"

"సాయి అండి."

"కూర్చో సాయీ, అలా నిలబడిపోయావేంటి! అమ్మా, ఇతనికి కాఫీ తే. మంచి కప్పులో తే."

బావగా వచ్చుంటే గేటు దాటనిచ్చేవాడు కాదు. మెకానిక్కుగా వచ్చేసరికి సోఫాలో కూర్చోబెట్టాడు. ఎంత మర్యాదస్తుడో! కాఫీ కలుపుతూ దేవకుమారి మాటలు కూడగట్టుకుంది. ఒరే, ఇతను మన సారిక భర్తరా. అంతే, ఇంకేం అక్కర్లేదు. వాడి మనసు ఇంత బాగున్న రోజు మళ్ళీ రాదు. కప్పు అందించి, కొడుకు వైపు తిరిగి నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే సంఘ పెద్ద లాజరు గారు లోపలికొచ్చారు. రేపటి కుర్చీల సంగతి మాట్లాడ్డానికి వచ్చినాయన, చల్లగాలి తగలగానే కుర్చీల సంగతి మర్చిపోయి సోఫాలో చేరగిలబడ్డారు.

"స్వర్గంలా ఉందయ్యా రాజ్ కుమార్! ఈ అబ్బాయేనా బిగించింది? ఏ ఊరు బాబూ మీది?"

"మండపేటండి."

"పెళ్ళయిందా?"

"అయిందండి. ఒక పాప."

"అత్తవారిది ఏ ఊరు?"

గోదావరి జిల్లాల్లో అది అడిగే ప్రశ్న కింద లెక్కే కాదు. బస్సులో పక్క సీటువాడు కూడా అడుగుతాడు, జవాబు వినకుండానే నిద్రపోతాడు. కానీ దుర్గాసాయి కప్పు చేత్తో పట్టుకుని దేవకుమారి వైపు చూశాడు. ఆ జవాబు చెప్పాల్సింది ఆవిడేనని వదిలేశాడు.

ఈ ఊరేనండి, ఈ ఇల్లేనండి. నాలుక చివరే ఉన్నాయి ఆ మాటలు. కొడుకు నవ్వుతూ తల్లి వైపే చూస్తున్నాడు. లాజరు గారి చెవిన పడ్డది ఆదివారానికల్లా సంఘమంతా పాకుతుంది. ఆ నవ్వు ఇప్పుడు ఎలా మారిపోతుందో ఆవిడ కళ్ళకి ముందే కనిపించింది.

"కాఫీ చల్లారిపోతోంది," అంది దేవకుమారి. "తాగండి, మెకానిక్ గారూ."

దుర్గాసాయి కప్పు కింద పెట్టాడు. తర్వాత లాజరు గారి వైపు తిరిగాడు.

"నాకు అత్తవారు లేరండి."

"అయ్యో పాపం! అమ్మాయికి అమ్మా నాన్నా ఎవరూ లేరా?"

"వాళ్ళమ్మ ఉందనుకునేదండి," అన్నాడతను.

సగం కాఫీ కప్పులోనే ఉండిపోయింది. పనిముట్లు సంచీలో సర్దుకుని, దేవకుమారిని గోడ దగ్గరికి పిలిచి మీటలు చూపించాడు.

"ఇది నొక్కితే చల్లగాలి, ఇది నొక్కితే వేడిగాలి, మేడమ్. ఏదైనా తేడా వస్తే కంపెనీకి ఫోన్ చెయ్యండి. ఎవరో ఒకరు వస్తారు."

మేడమ్. రెండు అడుగుల దూరంలో నిలబడి అన్నాడు, కోపం లేకుండా, ఏ ఇంట్లో అయినా అన్నట్టే.

ఆవిడ గేటు దాకా వెనకాలే వెళ్ళింది. అతను బండి దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. "లేదు. నువ్వు లేవకు, నేనే వస్తున్నాను. పాపకి ఎండ తగలకుండా చూడు."

బండి వెళ్ళిపోయింది. గేటు దగ్గర్నుంచి చూస్తే వీధి చివర జ్యూస్ కొట్టు నీలం పట్టా కనిపిస్తుంది. నాలుగంగల్లో చేరొచ్చు. పాప పేరేంటో కూడా తను అడగలేదని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. ఎండకి కళ్ళు చికిలించుకుని కాసేపు అటే చూసి, కాళ్ళు కాలుతుంటే లోపలికొచ్చేసింది.

హాలు చల్లగా ఉంది. రాజ్ కుమార్ సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"ఎంత మంచి కుర్రాడమ్మా! రేపు ప్రార్థనకి పెళ్ళాన్నీ పాపనీ తీసుకుని రమ్మని చెప్పాల్సింది. తట్టనే లేదు."

"అవున్రా," అంది దేవకుమారి. "తట్టలేదు."