కదలని ఆకుతోట

ఏసుపాదాన్ని కట్టుకున్న పాపానికి రిబ్కాకు మరకలేని తెల్లచీర కట్టే యోగం లేకుండా పోయింది. ఆదివారం ఆరాధనకు పేటలో ఆడవాళ్ళంతా తెల్లగా మెరుస్తూ వెళుతుంటే, ఆమె కొంగున మాత్రం ఎక్కడో ఒకచోట నీలం మరక కనిపించేది. దిండు గలీబు నీలం. తువ్వాలు నీలం. మంచినీళ్ళ కుండ అంచున కూడా నీలం వేలిముద్ర.

"దేవుడు మనుషులందర్నీ మట్టితో చేశాడంట. ఈయన్ని మాత్రం మైలుతుత్తంతో చేసినట్టున్నాడు" అంటూ ఆ ఉదయం కూడా ఆమె చద్దన్నంలో మజ్జిగ పోసింది.

ఏసుపాదం ఉల్లిపాయ కొరికి దూరంగా చూస్తున్నాడు.

"నీతోనేనయ్యా."

"వింటన్నా."

"ఏమన్నానో చెప్పు మరి."

"చేపల పులుసు పెడతానన్నావు."

రిబ్కా నుదురు కొట్టుకుంది. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది. ఇంతకాలం కాపురం చేశాక అతని చెవుల మీద ఆమెకు ఆశ లేదు. ఆమెకు ఉన్న ఆశ అంతా రేపల్లె మీదే. కూతురు కరుణ అక్కడ కాపురం ఉంటోంది. వచ్చి ఉండమని కబురు మీద కబురు పంపుతోంది. ఏసుపాదం ప్రతిసారీ "తోట ఒక దారికి రానియ్యి" అంటాడు. తోట ఏ దారికీ రాలేదు. పైగా ఈ మధ్య ఆకు పచ్చదనం పోయి పసుపుపచ్చగా తిరుగుతోంది.

అతను మనిషి పొడగరి. వీపు కొద్దిగా వంగింది. అరచేతుల గీతల్లో, గోళ్ళ చుట్టూ, మడమల పగుళ్ళలో ఆకాశపు రంగు ఇంకిపోయి ఉంటుంది. సున్నం తిన్న వేళ్ళ చివర్లు నున్నగా అరిగాయి. బాపట్ల బస్సులో టిక్కెట్టు ఇచ్చేటప్పుడు కండక్టరు ఆ చేయి చూసి "నీలమందు ఫ్యాక్టరీయా?" అని అడిగితే, "తోటండి. జనార్దనరావుగారి ఆకుతోట" అని గొప్పగా చెప్పుకునేవాడు.

నిజానికి ఆ తోట గొప్పదే. కాలవ పక్కన వరసలుగా అవిశె చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన తమలపాకు తీగలు. బయట ఎండ మండిపోతున్నా, తడకల తలుపు తోసుకుని లోపలికి అడుగు పెడితే చలి చీకటి. తడిమట్టి వాసన, ఆకు ఘాటు. ఒకప్పుడు ఆ ఆకుకు తెనాలి స్టేషన్లో పేరుండేది. బుట్టలు దించగానే బేరగాళ్ళు ఒక ఆకు తీసి ఎండకు ఎత్తి చూసేవాళ్ళు. ఆకు ఈనెల నడుమ లేతపచ్చ వెలుగు. నోట్లో పెట్టుకుంటే పీచు లేకుండా కరిగేది.

ఏసుపాదం మట్టి బానలో సున్నం కలిపాడు. మరో బానలో మైలుతుత్తం కరిగించి, సన్నధారగా సున్నపు నీళ్ళలో పోస్తూ కర్రతో తిప్పాడు. నీళ్ళు కన్నయ్య బొమ్మకు వేసే రంగులోకి తిరిగాయి. కొడవలి మొన ముంచి బయటికి తీశాడు. ఇనుము మీద ఎర్రటి పూత పడితే సున్నం చాలనట్టు. పడలేదు. తృప్తిగా తల ఆడించి, కుండతో ముంచుకుని తీగ మొదట్లో పోశాడు. పోసి, పిల్లకు మందు తాగించిన తల్లిలా ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు.

ఆకుతోటలు ఒకేచోట ఉండవు. కొన్నేళ్ళు కాగానే వేరే చేలోకి మార్చడం ఆ ప్రాంతంలో అలవాటు. పాత నేలలో వరో అరటో వేసి, ఆకు తెగుళ్ళను ఆ నేల మరిచిపోయేదాకా ఆగుతారు. జనార్దనరావు తండ్రి వెంకట్రామయ్య బతికుండగా ఈ తోటకూ ఆ వేళ వచ్చింది. అప్పుడు ఏసుపాదానికి కొత్తగా పెళ్ళయింది. అవిశె గింజలు నాటింది అతనే. తీగను చెట్టుకు జమ్ముగడ్డితో కట్టేది రిబ్కా. ఒక వరస అటువైపు నుంచి ఆమె, ఇటువైపు నుంచి అతను. ఆమె పాడే కీర్తన ఆకుల్లోంచి వినబడేది, మనిషి కనపడేది కాదు. పాట దగ్గరవుతున్న కొద్దీ అతని చేతులు ముడి వెయ్యడం మరిచిపోయేవి. ఎండలో పనిచేసే జనానికి మొగుడూ పెళ్ళాలు కాసేపు చల్లగా మాట్లాడుకునే చోటు అంతకన్నా ఏం దొరుకుతుంది?

"పెద్దయ్యగారూ, ఈ ఏడాదికి కదిలించొద్దండి. తెగులొస్తే మందు పోసి నేను నిలబెడతా" అన్నాడు ఏసుపాదం వెంకట్రామయ్యతో. కాలవ పక్కనే ఉంది కదా అని ఆయన కూడా సరేనన్నాడు. ఆ "ఈ ఏడాది" పెద్దయ్యగారు పోయినా అయిపోలేదు. మొదట్లో మందు బాగానే పనిచేసింది. తెగులు ఎక్కువైతే మందు ఎక్కువ పోశాడు. రిబ్కాకు మోకాళ్ళ నొప్పులొచ్చి తోటకు రావడం మానేసింది. పాట ఆగిపోయింది. మందు ఆగలేదు.

పొద్దెక్కాక జనార్దనరావు గొడుగేసుకుని వచ్చాడు. వెంట బాపట్లలో మట్టి పరీక్షలు చేసే తులసి. కిందటిసారి వచ్చి గుడ్డసంచుల్లో తోట మట్టి పట్టుకెళ్ళిన అమ్మాయి ఆమే. సన్నగా, నూనె పెట్టి బిగించిన జడతో, చెప్పుల నిండా బురదతో వచ్చింది.

"బాబాయ్, ఇవాళ కూడా పోశావా?" అంది బానలు చూసి.

"పొయ్యకపోతే తీగ బతకదు గదమ్మా."

"పోస్తేనే బతకట్లేదు. మైలుతుత్తంలో ఉండేది రాగే కదా, మట్టిలో అది విపరీతంగా ఉంది."

ఏసుపాదం జనార్దనరావు వైపు చూశాడు. ఆయనేమో గొడుగు వైపు చూశాడు.

"ఎరువైతే మొక్క తింటుంది బాబాయ్. రాగి లోహం కదా, కుళ్ళదు, ఆవిరవదు. నువ్వు పోసిందంతా పైమట్టిని పట్టుకుని కూర్చుంది."

"వానలకి కొట్టుకుపోదా?"

"కొంచెం పోతుంది. అది మురుక్కాలవలో పడి కింద నరసింహంగారి చేలోకి పోతుంది."

"ఆ మాట నరసింహంతో మాత్రం అనకమ్మా" అన్నాడు జనార్దనరావు. "వాడికి ఇప్పటికే నామీద ప్రేమ ఎక్కువ."

తులసి నవ్వలేదు. ఒంగి పిడికెడు మట్టి తీసి విడగొట్టింది. "ఎర్రలు, వానపాములు కనపడతాయా ఇక్కడ?"

"లేవమ్మా. గేలానికి కావాలంటే కాలవ అవతలకి పోతా" అన్నాడు ఏసుపాదం. తర్వాత మెల్లగా, "తోట శుభ్రంగా ఉందనుకున్నా" అన్నాడు.

తులసి చేతిలో మట్టి దులిపేసుకుంది.

"మరి ఆకు పసుపెక్కింది తెగులు కాదూ?" అన్నాడు జనార్దనరావు.

"వేరు మాడినా ఆకు పసుపెక్కుతుందండి. మీరు తెగులనుకుని ఇంకా పోశారు."

"తీసెయ్యడానికి మందేదన్నా...?"

"లేదండి. రాగి పొయ్యడం ఆపాలి. పశువుల ఎరువు బాగా వెయ్యాలి. తమలపాకు మాత్రం ఇక్కడ చాలా ఏళ్ళు వద్దు."

తులసి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. జనార్దనరావు గట్టు మీద కూర్చుని చాలాసేపు గడ్డి పీకాడు. "సరుగుడు వేస్తానయ్యా. దానికి కాపలా అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, మనుషులు..." అని ఆగి, పీకిన గడ్డి వైపు చూశాడు.

"ఒక్క వరస ఉంచండయ్యా. కాలవ పక్కది. పేడ నేను మోసుకొచ్చి పోస్తా."

"ఉంచి ఏం చేస్తావ్? ఆ అమ్మాయి అంత చెప్పాక?"

ఏసుపాదం తల దించుకున్నాడు. "అయితే తీగలు నేనే దించుతా. ఇంకెవర్నీ పెట్టమాకండి. తెగిపోయేట్టు లాగేస్తారు" అన్నాడు.

అన్నం వేళ దాటినా మనిషి రాకపోయేసరికి రిబ్కా క్యారేజీ పట్టుకుని మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. తడకల తలుపు దగ్గర ఆగింది. లోపల ఎండ పడుతోంది. ఆకు పలచబడి చెట్ల మధ్య నుంచి ఆకాశం కనబడుతోంది. తను ఎరిగిన తోట ఇది కాదు.

"ఇంత వెలుతురెక్కడిదయ్యా ఇందులో?" అంది.

ఏసుపాదం కాలవ పక్క వరసలో ఉన్నాడు. తీగను చెట్టు నుంచి విడదీస్తున్నాడు. చెట్టును గట్టిగా కరుచుకుని ఉండాల్సిన తీగ, పట్టుకోగానే చేతిలోకి జారి వచ్చేసింది. మొదలు పట్టి లాగాడు. వేళ్ళు పొట్టిగా, గోధుమ రంగులో, పొయ్యిలో కాలి మిగిలిన చీపురు పుల్లల్లా ఉన్నాయి. చివర్లు మొద్దుబారాయి. అరచేతిలో పెట్టుకుని అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు.

జనార్దనరావు గట్టు దిగి దగ్గరికొచ్చాడు. వేళ్ళు చూశాడు. ఆయన ముఖం మాడింది. "తెనాలి కొట్టువాడు కల్తీ మైలుతుత్తం అంటగట్టుంటాడు. వాణ్ణి రేపు..." అని మొదలుపెట్టాడు.

"కాదండి."

"మరి మా నాన్న ఉన్నప్పుడు రానిది ఇప్పుడెందుకొచ్చిందయ్యా?"

"పెద్దయ్యగారు కదిలిద్దామన్నారండి. నేనే కాళ్ళు పట్టుకుని వద్దన్నా."

"ఎందుకు?"

ఏసుపాదం రిబ్కా వైపు చూశాడు. ఆమె చెట్టు మొదట్లో క్యారేజీ దించి, ఊపిరి పీల్చుకుంటూ, ఏం జరుగుతోందో తెలియక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. జుట్టు తెల్లబడింది. కొంగున నీలం మరక.

"ఈ మనిషి ఇక్కడ పాడతా ఉండేదండి" అన్నాడు.

జనార్దనరావు చేతికంటిన గడ్డి దులుపుకున్నాడు. ఆయన గొడుగు తీసుకుని తలుపు వైపు నడిచాడు. సగం దూరం పోయి ఒకసారి వెనక్కి చూసి, వెళ్ళిపోయాడు.

రిబ్కా తీగ కొన అందుకుంది. ఇద్దరూ అటొకరూ ఇటొకరూ చుట్టుకుంటూ దాన్ని కిందికి దించారు. ఆమె పాడలేదు. వరస చివరికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆమె మోకాలు పట్టుకుని గట్టు మీద కూలబడింది.

"ఇంక రేపల్లె పోదామా?" అంది.

"పోదాం."

"కరుణ వాళ్ళ ఇంట్లో చేతులు ఎక్కడపడితే అక్కడ పెట్టమాక. అల్లుడు తెల్ల చొక్కాలేస్తాడు."

అతను నవ్వబోయాడు. కుదరలేదు. పక్కన కూర్చుని, నేలమీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు. జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద పెట్టినట్టు.

"తప్పు చేశానే రిబ్కా" అన్నాడు. "దీన్ని కదలనియ్యాల్సింది."

ఆమె అతని చేతిని నేల మీద నుంచి తీసి తన చేతిలో పెట్టుకుంది. వాళ్ళ ముందు అవిశె చెట్టు మానుకు జమ్ము ముడి ఒకటి, పట్టుకోవడానికి తీగ లేక, వదులుగా వేలాడుతోంది.