పెద్దింటమ్మ కేక

నాకు చప్పుడంటే గిట్టదు. ఏలూరు హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. గుసగుసలాడిన వాణ్ణి కూడా బెంచీ ఎక్కించి మరీ చెప్పాను. మా ఆవిడ పోయాక కొన్నాళ్లు అద్దె గదిలో ఒక్కణ్ణే వండుకుతిన్నాను. మోకాళ్లు వాచి, చూపు మసకబారాక, పిల్లాజెల్లా ఎవరూ లేనివాణ్ణి గనక, పెంటపాడు రోడ్డులో ఉన్న ఈ వృద్ధుల శరణాలయంలో చేరాను.

ఇది ఒకప్పుడు ధాన్యం గోదాం. తాడేపల్లిగూడెం షావుకారు ఎవరో దానమిచ్చాడు. కమిటీవాళ్లు సున్నం కొట్టించి, పదకొండు మంచాలు వేయించి, ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య తాటాకు తడిక కట్టించి, గుమ్మం మీద బోర్డు పెట్టారు. ఆ బోర్డు మాత్రం బాగుంటుంది.

ఇక్కడైనా ప్రశాంతంగా కళ్లు మూసుకోవచ్చు అనుకున్నాను. ఎక్కడ! చేరిన రోజే, దీపాలవేళ, తడిక అవతలనుంచి గోదాం కప్పు ఎగిరిపోయేలా ఒక కేక వినిపించింది.

"ఓ... కనకరత్నవో...!"

"ఓయ్, ఉన్నా!" అంది ఆడవాళ్ల వైపునుంచి ఒక గొంతు.

"ఓ... హనుమంతరావుగారో...!"

"ఉన్నానమ్మా, ఉన్నాను," అన్నాడు నా పక్క మంచం మీది హనుమంతరావు. రిటైరైన పోస్టుమాస్టరు. అంతటి ఉద్యోగం చేసినవాడు బడిపిల్లాడిలా హాజరు పలుకుతున్నాడు! ఆఖరికి నా వంతు వచ్చింది. "ఓ... కామేశం పంతులుగారో!" నేను పలకలేదు. మళ్లీ పిలిచింది. మూడోసారీ పిలిచి, పలక్కపోయేసరికి, లాంతరు పట్టుకుని తడిక దాటి వచ్చేసింది. నల్లగా, పొడుగ్గా, ఎండిన రొయ్యలా ఉంది మనిషి.

"ఉన్నారాండీ?" అంది.

"ఉన్నాను. చావలేదు. వెళ్లు," అన్నాను.

ఆవిడే పెద్దింటమ్మ. కొల్లేటి లంకలో చేపలు పట్టి బతికిన మనిషి. ఆ రోజునుంచీ నాకు ప్రతి సాయంత్రం ఇదే గోల.

నెల తిరిగేసరికి నేను కమిటీకి ఆరు అర్జీలు రాశాను. అన్నీ మంచి ఇంగ్లీషులో. నూతి చప్టా మీద పాచి పట్టింది, ముసలివాళ్లు జారిపడతారు అని రెండు అర్జీలు. పనివాడు సత్తిబాబు సాయంత్రం నాలుగింటికే గేటుకి తాళం వేసి గూడెం బజారుకి పోతున్నాడు, మళ్లీ ఎనిమిదింటిదాకా రావడం లేదు, ఈలోగా ఎవరికేమైనా అయితే దిక్కెవరు అని ఒకటి. మిగతావి లాంతరు చిమ్నీల గురించీ మజ్జిగ గురించీ. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఏడోది పెద్దింటమ్మ కేకల గురించి రాశాను.

నాలుగో రోజుకల్లా ఆర్డరు వచ్చేసింది! పొద్దునపూట ఒక గంట మొహం చూపించి పోయే మేనేజరు సూర్యప్రకాశరావు ఆ కాగితం నా చేతికే ఇచ్చాడు.

"మీరే చదివి చెప్పండి మేష్టారూ. ఇంగ్లీషు మీ నోట వినాలి," అన్నాడు నవ్వుతూ.

నేనూ పొంగిపోయాను. పెద్దింటమ్మని పిలిచి నిలబెట్టి, చదివి, అర్థం చెప్పాను. ఇకమీదట ఎవరూ కేకలు వేయరాదు; వేసినవారిని శరణాలయంనుంచి పంపివేయడం జరుగుతుంది.

ఆవిడ కొంగు నలుపుకుంటూ నిలబడింది. "మా లంకలో అలవాటండి," అంది. "పొద్దుగూకే వేళకి ఆడోళ్లం గట్టుమీద నిలబడి, దోనెల మీద చేపలకెల్లినోళ్లని పేరుపేరునా పిలుస్తామండి. ఓయ్ అంటే ఉన్నట్టండి. మూడు కేకలకీ పలక్కపోతే దోనేసుకుని ఎతుక్కుంటా ఎల్లిపోతామండి."

"ఇక్కడ కొల్లేరూ లేదు, దోనెలూ లేవు కదమ్మా."

"అవునండి. మా ఆయన పోయిన రోజున నాకు జొరవండి. లేవలేక పిలవలేదండి. తెల్లారి దొరికాడండి." కొంగు నడుముకి దోపుకుని, "అలాగేలెండి పంతులుగారూ, అరవను," అంది.

నాకు మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. అయినా కాగితం మడిచి మేనేజరు చేతికి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం గోదాం నిశ్శబ్దంగా ఉంది. హాయి అనుకుని పుస్తకం తెరిచాను. కాసేపటికి ఎవరో గోడ పట్టుకుని నడుస్తున్న అలికిడి. పెద్దింటమ్మ. నోరు విప్పకుండా ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, కాళ్లు తడిమి, ముందుకు సాగుతోంది. నా దగ్గరికి వచ్చేసరికి, నా మడి సంగతి గుర్తొచ్చింది కాబోలు, నన్ను ముట్టుకోలేదు. మంచం కోడు మీద చెయ్యి వేసి, నా ఊపిరి విని, వెళ్లిపోయింది.

"నీ చాదస్తం తగలెయ్య," అనుకున్నాను.

రోజూ అంతే. వానాకాలం వెళ్లి చలి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు గానీ, దీపాలు పెట్టాక నేను ఆ చెయ్యి కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాను. కోడు మీద ఆ చెయ్యి పడితే తప్ప ఆ రోజు గడిచినట్టు ఉండేది కాదు. మా ఆవిడ పోయిన తరువాత ఉన్నానో లేనో అని నన్ను చూసుకున్నవాళ్లు లేరు మరి. ఈ మాట పైకి అనడానికి నాకు సిగ్గేసేది.

ఒక మంగళవారం ఆ చెయ్యి రాలేదు.

లాంతరు వెలిగింది. నేను కాళ్లు సర్దుకుని పడుకున్నాను. హనుమంతరావు రెండుసార్లు ఆవలించాడు. అలికిడి లేదు. మర్చిపోయిందేమోలే అనుకున్నాను. మరిచే మనిషి కాదే! ఎప్పుడు చూశాను చివరిసారి? పొద్దున. మధ్యాహ్నం తడిక అవతల గొంతు వినపడిందా? గుర్తు లేదు. పదిమందిమి ఉన్నాం ఇక్కడ, ఆవిణ్ణి చూసుకోవలసిన పని ఎవరికీ పెట్టలేదు. అందర్నీ పిలిచేదాన్ని ఎవరు పిలుస్తారు?

లేచి కూర్చున్నాను. సత్తిబాబు గూడెంలో ఉన్నాడు. గేటుకి తాళం. మసక కళ్లతో, ఈ మోకాళ్లతో నేనెక్కడని వెతకను? నాకున్నది గొంతొక్కటే.

"ఓ... పెద్దింటమ్మో...!"

హనుమంతరావు అదిరిపడి లేచాడు. "ఏవండీ మేష్టారూ, మీకేమైనా పిచ్చెక్కిందాండీ? ఆర్డరుందండీ!"

"ఆర్డరు మండిపోను! మీరు నోరు మూసుకుని వినండి."

రెండోసారి పిలిచాను. దగ్గు తెర వచ్చింది. మూడోసారి గొంతు చిరిగేలా పిలిచాను. అప్పుడు పెరటివైపునుంచి, సన్నగా, "ఓయ్... ఉన్నానండీ..." అని వినపడింది.

కనకరత్నం లాంతరు పట్టుకుంది. హనుమంతరావు ముందు, నేను గోడ పట్టుకుని వెనక. పాచి పట్టిన నూతి చప్టా మీద పడివుంది పెద్దింటమ్మ. కాలు కిందికి మడతపడి ఉంది. తడిసిన కోకలో వణికిపోతోంది.

"ఎప్పుడు పడ్డావే?" అంది కనకరత్నం ఏడుస్తూ.

"అన్నం తిని కంచం కడుక్కుందామని వచ్చానమ్మా."

మధ్యాహ్నంనుంచీ! భోజనాలయ్యాక అందరం మంచాలెక్కేశాం, పెరట్లోకి ఎవరూ పోలేదు. "ఒక్క కేక వేస్తే ఏం పోయిందే తల్లీ!" అన్నాను.

"మీరే చదివారు గదండీ, అరవకూడదని. పంపించేస్తే ఎక్కడికెల్తానండీ?" అంది. ఆ నొప్పిలోనే నా చెయ్యి పట్టుకుని, "ఇయాల సూళ్లేదండి. అందరూ ఉన్నారాండీ?" అని అడిగింది.

ఉన్నారన్నట్టు తలూపాను. ఆ లాంతరు మసకలో ఆవిడకి కనబడిందో లేదో.

ఎనిమిదింటికి సత్తిబాబు వచ్చి, "రోడ్డుమీదికి వినపడిందంట, ఎవరండీ అరిచింది?" అని గదమాయించాడు.

"నేనే. రేపూ అరుస్తాను. వెళ్లి చెప్పుకో," అన్నాను.

మర్నాడు పెద్దింటమ్మని జట్కాలో స్టేషనుకి తీసుకుపోయి, ఏలూరు ఆసుపత్రికి రైలెక్కించారు. తుంటి విరిగిందన్నారు. నెల దాటింది, ఎలా ఉందో చెప్పేవాళ్లు లేరు. మేనేజరుని అడిగితే, కబురొస్తే చెబుతానండీ అంటాడు. నేను ఎనిమిదో అర్జీ రాశాను. ఆ ఏడోది తప్పు, దాన్ని కొట్టివేయండి, పాచి గీకించండి అని. జవాబు లేదు. పాచి అలాగే ఉంది.

రోజూ దీపాలవేళ నేనే పిలుస్తున్నాను. తొమ్మిది పేర్లు నేను పిలుస్తాను, పదోది నాది. నన్ను హనుమంతరావు పిలుస్తాడు. అందరూ పలికాక, ఏలూరువైపు గోడకి తిరిగి పదకొండో పేరు పిలుస్తాను. మూడు కేకలకీ బదులు రాకపోతే దోనె వేసుకుని వెళ్లాలి. నాకు దోనె లేదు. లాంతరు వత్తి తగ్గించి పడుకుంటాను.