బ్యాటరీ చల్లారేదాకా

లత కూలర్‌ను బండి బ్యాటరీ వైపు తిప్పి, పొడిగుడ్డతో దాని మీది దుమ్ము తుడుస్తోంది. నిన్న అత్త ఓదెమ్మ, నీళ్ల కుండకు చుట్టినట్టే దానికీ తడిగోనె చుట్టింది. "మా కాలంల మొగనికి ఇసురుతుంటిమి, గిప్పుడు డబ్బకు ఇసురుడాయె," అని నవ్వింది కూడా. లత మొగుడు ఎల్లేశ్ తల్లినేమీ అనలేదు. "తడి తగలొద్దని షాపాయన చెప్పలేదా? ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవ్?" అని లతనే అడిగాడు.

అతను కరెంటు బండి మీద తరిగొప్పుల చుట్టుపక్కల ఊళ్లు తిరిగి చీరలమ్ముతాడు. ఎండన పడి వచ్చిన బ్యాటరీ కాలిపోతుంటుంది. చల్లారకముందే ఛార్జింగ్ పెట్టకూడదు. పెట్టాక వదిలిపోకూడదు; వాసనొచ్చినా, ఉబ్బినా వెంటనే ప్లగ్గు పీకాలి. ఈ కావలి తన పని ఎప్పుడైందో లతకు గుర్తులేదు. ఎవరూ అడగలేదు, తను ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గరి పనిలాగే వచ్చి మీద పడింది.

పోయిన వారమే ఆమెకు పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది. "నేను మూటలెత్తేటోన్ని, నాకెట్ల అయితది? నువ్వింట్ల ఉండేదానివే గద," అన్నాడు ఎల్లేశ్. దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రమే ఆ బరువైన బ్యాటరీని బండిలోంచి తీసి లోపలికి మోసింది. కూలర్ ముందు కాసేపు నడుం వాలిస్తే, "జర పక్కకు జరుగు, దానికి గాలి తగుల్తలేదు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని ఆమెకు చాలాసేపు అనిపించింది. కోపమొస్తే కనీసం మనిషి ముఖం చూసి అంటారు.

రెండు రోజులుగా కుట్టు దగ్గర చీము పడుతోంది. జనగామ దవాఖానకు తీసుకుపొమ్మని పొద్దున అడిగితే, "బ్యారం చేసొచ్చినంక పోదాం," అన్నాడు. మధ్యాహ్నం వచ్చాక, "బ్యాటరీ గిట్ల కాల్తుంటె మళ్ల ఎండల బండెట్ల తీస్తం? సల్లారనీ," అని తిని పడుకున్నాడు. అప్పటినుంచి లత దాని పక్కనే కూర్చుంది. జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు, మాటిమాటికీ దాని మీద చెయ్యి పెట్టి చూస్తోంది.

"సల్లారిందా?" కళ్లు తెరవకుండానే అడిగాడు ఎల్లేశ్.

"సల్లారింది."

"ఛార్జింగ్ పెట్టు. సాయంత్రం అంగడికి పోవాలె."

"మరి దవాఖాన?"

"రేపు సూద్దాం తియ్యి. దినాం గింత ఎండల తిప్పితే బ్యాటరీ ఏమైతది, దానికి జర రెస్టియ్యాలె గద."

అటు తిరిగి పడుకున్నాడు. లత బ్యాటరీ మీది చేతిని తీసి, కొంగు కింద కుట్టు మీద పెట్టుకుంది. కాలుతోంది. ఈ ఇంట్లో వేడిని చెయ్యి పెట్టి చూడటం తెలిసింది తన ఒక్కదానికే. తనను చూసేందుకు ఇంకో చెయ్యి లేదు.

ఛార్జర్ వైరును అలాగే వదిలేసి గోడ పట్టుకుని లేచింది. తలమీద తువ్వాల కప్పుకుంది. గడప దాటుతుంటే అరుగు మీది ఓదెమ్మ, "ఏడికే గీ ఎండల? బ్యాటరీ కాడ ఎవలుంటరు?" అంది.

లత కడుపు మీద చెయ్యి అదిమి పెట్టుకుని, జనగామ బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.