వెనక నుంచి మూడో ముక్క

ఆస్పత్రిలో మైకు ముందు కూర్చుని జనాన్ని పిలిచే ఉద్యోగానికి సోమవారం కోడలికి పరీక్ష. విభాగాల పేర్లు తడబడకుండా చదవాలి. ఆ ఉద్యోగం రాకపోతే అద్దె ఇల్లు ఖాళీ చేసి కోడలు పుట్టింటికీ, అత్తగారు చెల్లెలింటికీ తలో దారి పట్టవలసిందే.

అత్తగారు ఒకప్పుడు ఇంగ్లీషు టీచరు. ఇప్పటికీ ఏదో ఒక ఇంగ్లీషు మాట పలుకుతూ, దాని లయకే కూర తరుగుతుంది. నల్లబల్ల పోయి ఇప్పుడు కూరలు తరిగే చెక్క మిగిలింది. దాని మీద ఒక బీన్స్ కాయ పెట్టి, "న్యూ-రా-ల-జీ" అంటూ నాలుగు ముక్కలు చేసింది.

"చూశావా, రెండోది పెద్దగా కోశాను. పలికేటప్పుడు బరువు అక్కడ. న్యూరో అంటే నరం, లజీ అంటే శాస్త్రం. ఈ తోక తగిలిందంటే మాట ఎంత పొడుగైనా వెనక నుంచి మూడో ముక్క మీదే ఊనాలి."

"ముందు నుంచి లెక్కపెడితే?"

"ఉద్యోగం ఇంకొకళ్లకి వస్తుంది."

అక్కడ నవ్వాలని కోడలికి తెలుసు. నవ్వు రాలేదు. భర్త పోయినప్పటి నుంచి అన్నీ వినిపిస్తున్నాయి, ఏవీ తగలడం లేదు. "మా అమ్మ కూరలో రుచి సంగతేమో గానీ, ఉచ్చారణ మాత్రం అద్భుతం" అనేవాడు, కంచంలో చిన్నాపెద్దా ముక్కలు కెలుకుతూ.

బుట్ట ఖాళీ అయ్యేసరికి విభాగాలన్నీ అయిపోయాయి, గుండెది తప్ప. అత్తగారు మరిచిపోయి వదిలెయ్యలేదు. అతను పోయిన రోజు మైకులో ఆ పేరు వినే ఇద్దరూ పరుగెత్తారు. కోడలూ దాని గురించి అడగలేదు.

పరీక్షలో మేనేజరు ఇచ్చిన కాగితంలో మొదటిదే అది. "రోగి తాలూకు వాళ్లు వెంటనే కార్డియాలజీకి రావాలి."

ఆమె మనసులోనే చెక్క మీద కాయ పెట్టుకుంది. కార్. డి. ఆ. మూడోది పెద్దగా కోసింది. ల. జీ. గొంతు వణకలేదు. వణకనందుకు కాస్త సిగ్గేసింది.

"భలే చదివారండీ! ఎక్కడ నేర్చుకున్నారు?"

"వంటింట్లో."

ఇంటికొచ్చేసరికి అత్తగారు మళ్లీ బీన్స్ ముందేసుకుని కూర్చుంది.

"ఏమైందే అమ్మాయ్?"

"వచ్చింది అత్తయ్యా. రేపట్నుంచి రమ్మన్నారు. గుండెదే చదవమన్నారు."

చాకు ఆగింది. "బరువెక్కడ పెట్టావు?"

"వెనక నుంచి మూడో దాని మీద."

"సరిగ్గానే పెట్టావు," అని అత్తగారు మళ్లీ తరగసాగింది. పెదవులు కదలడం లేదు. ముక్కలన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి.

కోడలు చాకు అందుకుని ఒక కాయను అయిదు ముక్కలు చేసింది, మూడోది పెద్దగా. అత్తగారు వాటిని కాసేపు చూసి, అరచేత్తో గిన్నెలోకి తోసింది.

"మూత పెట్టు. పెద్ద ముక్క ఉడకడానికి టైం పడుతుంది."