ఏడో నంబరు మోత

రోజూ సాయంత్రం ఐదింటికి శ్రీదుర్గ మంచం మీద నల్ల దుప్పటి పరుస్తుంది. ఆమె మొగుడు యల్లమంద దాని మీద వెల్లకిలా పడుకుంటాడు. మరిది గోపీచంద్ గిటారు మెడలో వేసుకుని, ఆంప్లిఫయర్ స్విచ్చి వేసి రెండు నిమిషాలు ఊరుకుంటాడు. అది పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచే ఆంపు. వెచ్చబడందే పలకదు. నరసరావుపేటలో ఇంకెవరింట్లోనూ అలాంటిది లేదు, ఉన్నా ఇంత గారాబం చేయించుకోదు.

వాల్వులు ఎర్రబడ్డాక గోపీచంద్ వాల్యూమును ఏడో నంబరుకు తిప్పి తీగ మీటుతాడు. కిటికీ ఊచలు దడదడలాడతాయి. యల్లమంద గుండెల్లోంచి, చొక్కా గుండీల సందుల్లోంచి తెల్లటి రాతిపొడి గాల్లోకి లేస్తుంది. ఇరవై నిమిషాలయ్యాక అతను లేచి కూర్చుని, నిండుగా ఓ ఊపిరి తీసుకుని, “టీ పెట్టవే” అంటాడు. శ్రీదుర్గ దుప్పటి మీద రాలింది చేటలోకి దులిపి, కాలవలో పోసి వచ్చి టీ పెడుతుంది.

ఆ పొడి పదిహేడేళ్ల సంపాదన. నాదెండ్ల అవతల కంకర క్వారీలో యల్లమంద డ్రిల్లు పట్టాడు. తమ్ముడికి గిటారు పిచ్చి పట్టినప్పుడు ఆ కష్టంతోనే గిటారూ, ఓ ఆర్కెస్ట్రా వాళ్లు మూలన పడేసిన ఈ ఆంపూ కొనిచ్చాడు. తమ్ముడు కోటప్పకొండ తిరునాళ్లలో దీపాలతో కట్టిన ఎత్తైన ప్రభల ముందు వాయించి పేరు తెచ్చుకున్నాడు, అన్న దుమ్ము తెచ్చుకున్నాడు. ఊపిరితిత్తుల్లో చేరింది ఇక పోదని గుంటూరు డాక్టరు చెప్పాడు. వీధిలో ఎవరూ ఆయన మాట పట్టించుకోలేదు, పోతుండటం రోజూ చూస్తున్నారు గదా.

చిక్కల్లా నంబరుతోనే. తక్కువలో పెడితే ఆ ఆంపు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు శుభ్రంగా మోగి ఊరుకుంటుంది. ఏడుకు పోతేనే వాల్వులు ఆయాసపడి, స్వరం చిక్కబడి, చివర్లో కాస్త బొంగురుపోతుంది. ఆ బొంగురుకే దుమ్ము కదులుతుంది.

పోయిన నెల్లో పక్కింటి షాహిదా నాలుగు నెలల కొడుకును ఎత్తుకుని గోపీచంద్ దగ్గరికి వచ్చింది.

“మోత గురించి కాదన్నా, అది ఎప్పుడో అలవాటైంది. వీడి ముక్కు చూడు.”

పిల్లాడి ముక్కు అంచున తెల్లటి పొడి. చూస్తుండగానే దగ్గాడు. అంత చిన్న ఛాతీలోంచి రావాల్సిన దగ్గు కాదది.

“మోత ఎందాకా వస్తే దుమ్మూ అందాకా వస్తంది. తప్పుగా అనుకోబాకు. కొంచెం తగ్గిచ్చు” అంది షాహిదా.

గోపీచంద్ సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడు స్పీకరును గోడవైపు తిప్పి, మీద బొంత కప్పాడు. స్వరం ముద్దగా అయిపోయింది, దుమ్ము కదల్లేదు. ఆంపును ఆటోలో వేసుకుని, పొలాల్లో ఒక మోటారు షెడ్డు కాడ కరెంటు అడిగి, అన్నను ఆరుబయట పడుకోబెట్టి వాయించాడు. గోడల్లేని చోట మోతంతా ఆకాశంలోకి పోయింది. నాలుగు రోజుల్లో యల్లమంద పెదవులు నీలం తిరిగాయి.

అప్పుడు గోపీచంద్ మోటార్లకు వైండింగు చుట్టే చెన్నకేశవరావు దగ్గరికి పరుగెత్తాడు.

“వాల్వులు ఏడు మీదనే కష్టపడాల. మోత మాత్రం బయటికి రాగూడదు. అంతేగా?” అన్నాడు చెన్నకేశవరావు.

“అంతే బాబాయ్.”

“స్పీకరుకు పోయే బలాన్ని మధ్యలో తినేద్దాం.”

హీటరు కాయిల్ని ఇనప డబ్బాలో బిగించి, ఆంపుకూ స్పీకరుకూ మధ్యన కలిపాడు. డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది గానీ, ఏడో నంబరు బొంగురంతా టీవీ మోతంత మెల్లగా వచ్చింది. దుప్పటి మీద పొడి రాలింది. షాహిదా కొడుకు దగ్గు మానేసి నిద్రపోయాడు. మూడు వారాల్లో యల్లమంద వీధి చివరి దాకా నడిచి, “ఈ శివరాత్రికి కొండ మెట్లెక్కుతా” అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

దుప్పటి మీద రాలేది మునుపటి కంటే తక్కువని గోపీచంద్ మొదటివారంలోనే కనిపెట్టాడు. మిగతాది ఎక్కడికి పోతుందో కూడా తెలిసింది. మోత ఇప్పుడు గది దాటదు, గదిలో దానికి ఎదురుగా కూర్చునేది తనే. పెరట్లోకి పోయి దగ్గి, మీసం కడుక్కుని వచ్చేవాడు. చెబితే అన్న వాయించనివ్వడని భయం. చెప్పకపోతే తనకేమవుతుందో అనేది కూడా భయమే. అన్న మెట్ల మాట ఎత్తినప్పుడల్లా చెప్పబోయింది మింగి, గిటారు తీగలు సవరించుకునేవాడు.

ఒక సాయంత్రం దగ్గు ఆగలేదు. పాట మధ్యలోనే వచ్చేసింది.

యల్లమంద కళ్లు తెరిచాడు. “ఆపు. ఎన్నాళ్ల బట్టిరా?”

“ఏందన్నా? గొంతులో ఏదో పడి...”

“నాకు చెప్పబాకు. మా క్వారీలో నలుగురు ఇట్టా దగ్గి దగ్గి పోయారు.”

శ్రీదుర్గ చీరకొంగుతో గిటారు తుడిచింది. కొంగు తెల్లబడింది.

“నాకేం కాదన్నా, నాకు ముప్పై రెండేగా” అన్నాడు గోపీచంద్.

“ముప్పై రెండప్పుడు నేనూ అదే అన్నా.”

యల్లమంద లేచి స్విచ్చి కట్టేశాడు. తువ్వాలుతో డబ్బాను పట్టుకుని ఊడదీసి, గుమ్మం అవతల పెట్టాడు. స్పీకరు వైరు ఆంపుకే తగిలించి, మళ్లీ స్విచ్చి వేసి, తన చేత్తోనే వాల్యూమును ఒకటో నంబరుకు తిప్పాడు. ఆ కాస్త పనికే ఒగరుస్తూ వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

“అది నా దుమ్మురా. నా కాడనే ఉండనీ. నువ్వు వాయించు.”

“ఒకటి మీదా? ఏం బాగుంటదన్నా?” అన్నాడు గోపీచంద్.

“ఇన్నాళ్లూ ఊపిరి కోసమే పడుకున్నా. నువ్వు వాయిచ్చే పాట ఏందో ఒక్కనాడూ వినలా. ఇయ్యాల వింటా.”

వాల్వులు వెచ్చబడ్డాక గోపీచంద్ వాయించాడు. పక్కింటికి కూడా వినపడనంత చిన్నగా, ఏ బొంగురూ లేకుండా. యల్లమంద వెల్లకిలా పడుకుని, కాలివేలితో తాళం వేస్తూ, పాట అయ్యేదాకా కళ్లు మూసుకున్నాడు. గోపీచంద్‌కు దగ్గు రాలేదు.

పాట అయ్యాక శ్రీదుర్గ అలవాటు కొద్దీ చేట తెచ్చి దుప్పటి దులిపింది. ఏమీ రాలలేదు.