మాటలు మింగే చేతులు

మా వదినకు ఎవరి చేతులూ నచ్చవు. నా వంట నచ్చకపోతే ఎలాగోలా సర్దుకుపోవచ్చు. నా మొహం ఆమెకు కనిపించదు కనుక ఆ గొడవే లేదు. కానీ చేతులు నచ్చకపోతే ఏం చేసేది? ఆమెకు లోకమంతా చేతుల్లోంచే రావాలి మరి.

వదిన మా ఆయనకు అక్క. పుట్టు చెవుడు. నడివయసులో చూపు పక్కలనుంచి మూసుకుపోతూ వచ్చి, చివరికి మిగిలిన సూదిబెజ్జమంత వెలుగూ పోయింది. కళ్ళతో చూసే సైగల భాషను అప్పటినుంచి తడిమి చూస్తుంది. మనం సైగలు చేస్తుంటే మన చేతుల మీద తన చేతులు తేలిగ్గా ఆనిస్తుంది, అంతే. పెళ్ళయిన కొత్తలో నాకు ఆ భాష నేర్పింది ఆమే. అందుకు ఫీజుగా జన్మంతా నా తప్పులు పట్టే హక్కు తీసుకుంది. నాకు ఆమె పెట్టిన సైగపేరు 'చిటికెడు ఉప్పు'. ఎందుకో చెప్పను. మా ఆయనకు మాత్రం చిన్నప్పటి సైగలు నాలుగే వచ్చు: తిన్నావా, పడుకో, డబ్బులు, వద్దు. ఆ నాలుగింటితో బతుకు వెళ్ళిపోతుందని ఆయన నమ్మకం. నాతో మాట్లాడేది కూడా ఇంచుమించు అవే కాబట్టి నేను వాదించను.

వారానికో మధ్యాహ్నం బధిరుల సంఘం నుంచి ఇంటర్‌ప్రెటర్ వస్తుంది. నేను దుబాసీ అంటాను, ఆ మాటలో కాస్త దర్జా ఉంది. ఉంగరాలు తీసేసి, గోళ్ళు కత్తిరించుకుని, వదిన మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చుని పేపరంతా చేతుల్లో పెడుతుంది. బ్యాంకుకో ఆస్పత్రికో వెళ్తే వెంట ఉంటుంది. గదిలో ఎవరేమన్నా చేరవేస్తుంది. ఎవరు నవ్వారో, ఎవరు మూతి విరిచారో కూడా. అప్పట్నుంచి నేను మూతి విరవడం మానుకున్నాను. వదిన ఏమంటే దాన్ని తన నోటితో 'నేను' అనే పలుకుతుంది. వాళ్ళ పని పద్ధతి అది.

ఆ పద్ధతివల్లే మొదటి దుబాసీ పిల్లకు తన ఉద్యోగం పోయిన సంగతి తన నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది. "ఈ పిల్లవి నంగి చేతులు. ఒక్క మాటా తిన్నగా రాదు. రేపట్నుంచి నాకొద్దు."

"ఎవరమ్మా ఆ నంగి చేతుల పిల్ల?" అన్నాడు మా ఆయన సెల్‌ఫోన్‌లోంచి తలెత్తి.

"నేనేనండీ" అంది పాపం.

రెండో ఆయన పొడుగాయన. ఆయన 'మాటలు మింగేస్తాడు' కనుక ఆయనా వెళ్ళిపోయాడు. రెండుసార్లూ మా ఆయనే సంఘానికి ఫోన్ చేసి, పని వచ్చినవాళ్ళను పంపమని కేకలేశాడు. అక్క మాట ఆయనకు వేదం. సంఘం ఆవిడ ఓపిగ్గా విని, "ఇంకొక్కరే ఉన్నారండీ. ఆవిడనూ వద్దంటే మీ అక్కగారితో మాట్లాడేందుకు ఈ ఊళ్ళో ఇక మనిషి లేడు" అంది.

ఆ ఒక్కరూ వచ్చారు. నా వయసు మనిషి. బుగ్గన సొట్ట ఉంది కనుక వదిన ఆమెకు 'సొట్ట' అని పేరు పెట్టేసింది. పేరు పెట్టిందంటే నచ్చినట్టేనని నేను సంబరపడ్డాను. నెల తిరక్కుండానే, "ఈమె కూడా మింగుతోంది" అంది. ఆ వెంటనే నావైపు తిరిగి, "నీకూ అంటుకుందా ఆ రోగం? గట్టిగా చెప్పు" అంది. నేను గట్టిగా, అంటే చేతులు బారలు చాపి, చెప్పాను. మా వంటింట్లో రెండు గిన్నెలు పడ్డాయి.

వదిన ఒకప్పుడు టైలరింగ్ షాపులో కాజాలు కుట్టేది. ఇప్పటికీ ఇంట్లో గుండీలు ఆమె శాఖే. ఒకరోజు మా ఆయన తెల్లచొక్కాకు గుండీ కుడుతుంటే సూది ఆమె వేలి కొసలో దిగబడింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె లాక్కోలేదు, ఉలిక్కిపడలేదు. హాయిగా కుట్టుకుంటూ పోయింది. చొక్కా మీద ఎర్రటి చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి. నేను గబుక్కున చెయ్యి పట్టుకుంటే, "ఏమిటి, కూరలో ఉప్పు మరిచిపోయావా?" అని నవ్వింది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "ఏమండీ, వదిన వేళ్ళకు స్పర్శ తగ్గినట్టుంది."

"నీకన్నీ అనుమానాలే. కళ్ళు లేకపోయినా సూదిలో దారం ఎక్కిస్తుంది మా అక్క."

"ఈమధ్య నేనెక్కించి ఇస్తున్నాను."

"ఆ సంఘం వాళ్ళకు పని రాదు. దానికి మా అక్కను రోగిష్టిని చేస్తావా?"

ఆ వారం సొట్టమ్మను వాకిట్లో ఆపి అడిగాను. "నాకూ అనిపించిందండీ. ఇదివరకు నా చేతుల మీద పిట్ట వాలినట్టు ఉండేది. ఇప్పుడు గట్టిగా పట్టుకుంటున్నారు."

"మరి ఆవిడనే అడక్కపోయారా?"

"అడిగానండీ. నా చేతులే మొద్దు చేతులన్నారు. అదీ నేనే పైకి చెప్పాను."

ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

నేను పోరగా పోరగా మా ఆయన దిగివచ్చాడు. అదీ సొట్టమ్మ పనితనం డాక్టరు ముందే తేలిపోతుందన్న ఆశతో. నలుగురం నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కుర్రాడే, మర్యాదస్తుడు. "కళ్ళు మూసుకోమనండి" అన్నాడు అలవాటు కొద్దీ. సొట్టమ్మ ఉన్నదున్నట్టు చేరవేసింది.

"ఎప్పుడో మూసుకున్నాను. తర్వాతేమిటి?" అంది వదిన.

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. సూదిమొనతో వేళ్ళను తాకుతాననీ, తెలిసినప్పుడల్లా తలూపమనీ చెప్పాడు. "ఆవిడ చేతులు మీరు తీసుకుంటే నేనిక మాట్లాడలేనండి" అంది సొట్టమ్మ. అందుకే చెప్పవలసిందంతా ముందే చెప్పి, తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. వదిన రెండు అరచేతులూ పైకి పెట్టి కూర్చుంది.

డాక్టరు బొటనవేలు తాకాడు. చూపుడువేలు. నడిమివేలు. కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి అయింది. వదిన తల కదల్లేదు. రాని బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా ఉంది ఆమె మొహం. చివరికి విసుగొచ్చి చేతులు గాల్లోకి లేపి అడిగింది. సొట్టమ్మ పైకి చెప్పింది:

"ఇంకా మొదలుపెట్టరేం?"

ఎవరం మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడాన్ని కూడా చెప్పాలి కాబట్టి సొట్టమ్మ మళ్ళీ ఆమె చేతులు అందుకుని చెప్పింది: అందరూ ఊరుకున్నారు. డాక్టరు సూది కింద పెట్టారు. మీ తమ్ముడు గోడకేసి చూస్తున్నారు. మీ మరదలు మీకేసే చూస్తోంది.

ఏళ్ళుగా ఉన్న షుగరువల్ల నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. ఇంకా ముదరకుండా మందులిస్తానన్నాడు. పోయిన స్పర్శ తిరిగి రావడం మాత్రం కష్టమన్నాడు. ఒక్క గుక్కలో అనేశాడు. సొట్టమ్మ చేతుల్లో పెట్టింది. వదిన తల అడ్డంగా ఊపింది, అందలేదని. సొట్టమ్మ మళ్ళీ చెప్పింది, పెద్దగా, నిదానంగా. 'షుగరు' అందింది. మిగతాది అందలేదు. "ఏమిటి కష్టం? దేనికి?"

"నువ్వు చెప్పవే. నీ చేతులు అక్కకు అలవాటు కదా" అన్నాడు మా ఆయన నాతో.

"ఎక్కడ చెప్పనండీ?" అన్నాను. "ఆ వేళ్ళలోనేగా?"

సొట్టమ్మ వదిన జాకెట్టు చెయ్యి మోచేతి దాకా పైకి మడిచింది. ముంజేతి లోపలివైపు, ఇంకా స్పర్శ ఉన్న చోట, వేలితో అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. పలకమీద పిల్లలకు దిద్దబెట్టినట్టు ఒక్కో అక్షరం రాయడం, వదిన తలూపాక మరొకటి. స్ప. ర్శ. తి. రి. గి. రా. అక్కడ ఆమె వేలు ఆగింది. నేను ఆ వేలు పట్టుకుని ఆపేద్దామనుకున్నాను. ఆపి మాత్రం ఏం చేస్తాను? మిగిలిన ఒక్క అక్షరం రాసింది.

దానికీ వదిన తలూపింది. తర్వాత సొట్టమ్మ రెండు చేతులూ వెతికి పట్టుకుని, తన వేళ్ళతో అటూ ఇటూ తడిమి, వదిలేసింది. వదిలేసి మాట్లాడింది. సొట్టమ్మ నోటినుంచి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"ఆ పిల్లవి నంగి చేతులు కావు. పొడుగాయన ఏమీ మింగలేదు. ఈమె..." అక్కడ సొట్టమ్మ తడబడింది. 'ఈమె' అంటే తనే. "ఈమె కూడా."

మా ఆయన తల దించుకున్నాడు. వదిన జవాబు కోసం చేతులు చాపింది. మేమందరం ఒకేసారి ఆ చేతులు పట్టుకున్నాం. ఎవరు ఏం చెబుతున్నదీ ఆమెకు అందలేదు. ఎవరికీ వినపడలేదనుకుందేమో, కేక వేస్తున్నట్టు చేతులు బారలు చాపి మళ్ళీ అంది. సొట్టమ్మ ఈసారి తడబడకుండా పలికింది:

"తప్పు నాది. వాళ్ళ చేతులు బాగానే ఉన్నాయి."